సున్నా వైపు ఉన్న స్విచ్చి

కరెంటు బిల్లు మీద తప్ప అతని అసలు పేరు ఎక్కడా కనిపించదు. ఆ వీధికంతటికీ అతను డబ్బా డాక్టరు. కంప్యూటర్ చచ్చిపోయిందని ఎవరైనా పరిగెత్తుకొస్తే, చావూ లేదు గీవూ లేదు, ఒట్టి మూర్ఛే, నేనొస్తున్నా పదండి అంటాడు. ఆ మాటకే వాళ్లకు సగం ప్రాణం లేచి వచ్చేది.

మేడమెట్ల కింద అతని కొట్టు. ఒకపక్క జెరాక్సు దుకాణం, ఇంకోపక్క దర్జీ. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలోనే నిలబడాలి. చిన్నప్పుడు రేడియోలు విప్పాడు, పెళ్లినాటికి టీవీలు విప్పాడు. ముప్పై అయిదో ఏట ఆ వీధిలోకి కంప్యూటర్లు వచ్చేసరికి ఎక్కడిదో ఒక పాతదాన్ని తెచ్చుకుని, ముప్పైసార్లు విప్పి ముప్పైసార్లు బిగించి ఆ విద్య పట్టాడు. చివరిసారి బిగించాక రెండు స్క్రూలు మిగిలాయట. అవి లేకుండానే నడిచింది చూశారా అని అదీ గొప్పగానే చెప్పుకునేవాడు. ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడకుండా నేర్చుకున్నానని అతనికి మహా గర్వం.

గర్వానికి తగ్గ పద్ధతి కూడా ఉండేది, అది ఒప్పుకోవాలి. ఆన్ కాని కంప్యూటర్ దగ్గరికి వెళ్తే ముందు నాలుగు చూసేవాడు. గోడ, తీగ, వెనక, ముందు. గోడలో ప్లగ్గుకి కరెంటు వస్తోందా, తీగ రెండు చివర్లా బిగువుగా ఉందా, సీపీయూ డబ్బా వెనక ఉండే చిన్న స్విచ్చి ఆన్ అనే గీత వైపు ఉందా ఆఫ్ అనే సున్నా వైపు ఉందా, ఆ తర్వాతే ముందున్న బటను. ఈ నాలుగూ చూడకుండా స్క్రూడ్రైవర్ పట్టినవాడు మెకానిక్కే కాదనేవాడు. డబ్బా విప్పాల్సి వస్తే వెనక స్విచ్చిని సున్నా వైపు నొక్కి, ముందు బటన్ని పది లెక్కపెట్టేదాకా పట్టుకునేవాడు, లోపల మిగిలిన కరెంటు పోవాలని. పనయ్యాక మళ్లీ గీత వైపు నొక్కి, ఫ్యాను తిరిగిన చప్పుడు చెవులారా విన్నాకే చేతులు కడుక్కునేవాడు.

చెయ్యి మంచిదే. నోరే మంచిది కాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, మనవాడికి కంప్యూటర్ కొనుక్కున్న ప్రతివాడూ లోకువే. మానిటర్ ఒక్కటే ఆగిపోతే కంప్యూటర్ మొత్తం పోయిందని మూడు రోజులు చేతులు ముడుచుకు కూర్చున్న బడి గుమాస్తా కథ, పిల్లి ప్లగ్గు ఊడబీకితే కొత్త కంప్యూటర్ బేరమాడిన వకీలు కథ, ఇవన్నీ టీ కొట్టు బల్ల మీద కూర్చుని రోజుకొకటి చొప్పున వడ్డించేవాడు. కథతోపాటు పేరు కూడా పెట్టేవాడు. పిల్లి వకీలు అన్న పేరు పెట్టి తొమ్మిదేళ్లయింది, ఆయనకు తల నెరిసింది గానీ పేరు మాత్రం కొత్తగానే ఉంది.

దీనికి తోడు జనాన్ని భయపెట్టే అలవాటొకటి. డబ్బా వెనకవైపు ఎవరూ చెయ్యి పెట్టొద్దు, షాక్ కొడితే నన్ననొద్దు అని ప్రతి ఇంట్లోనూ హెచ్చరించి వచ్చేవాడు. నిజానికి ఆ స్విచ్చి నొక్కితే చీమకైనా ఏమీ కాదు. కానీ అందరికీ ధైర్యం వచ్చేస్తే ఇక డాక్టరుతో పనేముంది?

వీధి చివరి ఇంట్లో ఒక అత్తగారు, ఇద్దరు కోడళ్లు. కొడుకులిద్దరూ పొద్దున్నే పనులకు పోతారు కాబట్టి పగలంతా ఆ ఇల్లు అత్తగారి రాజ్యం. పెద్ద కోడలు ఇంట్లోనే కూర్చుని జనానికి అర్జీలూ దస్తావేజులూ టైపు చేసి ఇచ్చేది. చిన్న కోడలు వచ్చి ఏడాదిన్నర. పది మాటలు అనాల్సిన చోట ఒకటి అనే మనిషి. తోడికోడలి వేళ్లు చూసి చూసి తనూ టైపు నేర్చుకుంది. ఊళ్లో పెద్దాసుపత్రిలో రోగుల పేర్లు రాసుకునే గుమాస్తా ఉద్యోగం పడిందని తెలిసి దరఖాస్తు పెట్టింది. సోమవారం పొద్దున్న పదింటికి టైపింగు పరీక్ష. అత్తగారి చేత సరేననిపించుకోవడానికే ఆమెకు రెండు నెలలు పట్టింది.

ఆ ముందు బుధవారం నాడు, కంప్యూటర్ రొదపెడుతోందని కబురొస్తే డబ్బా డాక్టరు వెళ్లాడు. వెళ్లేసరికి చిన్న కోడలు టైపు చేస్తోంది, అతన్ని చూసి లేచి నిలబడింది. వేళ్లు బాగానే పరిగెడుతున్నాయమ్మా, ఉద్యోగం వచ్చాక నాకు వరసలో నిలబడకుండా చీటీ ఇప్పించాలి అని అతను వేళాకోళమాడితే సిగ్గుపడి నవ్వింది. స్విచ్చి సున్నా వైపు నొక్కి, పది లెక్కపెట్టి, డబ్బా విప్పాడు. లోపల పిచ్చుక కాపురం పెట్టేంత దుమ్ము. బ్రష్షు పెట్టి ఊడ్చి, ఫ్యాను తుడిచి, ఆఖరి స్క్రూ బిగిస్తుండగా వీధిలో కరెంటు పోయింది. కాసేపు చూశాడు, రాలేదు. ఇంతలో జెరాక్సు అతను ఫోను చేసి తొందరపెట్టాడు. సరే, డబ్బాని గోడ వారకు నెట్టేసి, కరెంటు రాగానే చూసుకోండి, గుర్రంలా పరిగెడుతుంది అని చెప్పి వచ్చేశాడు. ఆ రోజు ఫ్యాను చప్పుడు వినకుండానే చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్న, నిన్న ఊడ్చిన దుమ్మంతా బల్ల మీద పడి ఉందని చిన్న కోడలు గుడ్డ తడిపి బల్లా డబ్బా తుడిచింది. ఆ వెనకే పెద్ద కోడలు వచ్చి బటన్ నొక్కింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. అత్తగారు వచ్చి కంప్యూటర్ వైపు చూసింది, కోడలి చేతిలో గుడ్డ వైపు చూసింది, డాక్టరుకి కబురు పెట్టించింది.

అతను వచ్చేసరికి ముగ్గురూ వరసగా నిలబడి ఉన్నారు. తన మంత్రం ప్రకారమే మొదలుపెట్టాడు. గోడ ప్లగ్గులో టేబుల్ లైటు పెట్టి చూశాడు, వెలిగింది. గోడకీ డబ్బాకీ మధ్య సందులో చెయ్యి దూర్చి తడుముకుంటూ తీగ మార్చాడు, లాభం లేదు. తర్వాతది వెనక. కానీ అది నిన్న తాను విప్పి తాను మూసిన డబ్బా. తాను మూసినదాని వెనక తానే మళ్లీ వంగి చూడటమేమిటి, నామోషీ కాదూ? పైగా కళ్లెదుట తడిగుడ్డ ఉంది. మనవాడికి కథ దొరికింది. కథ దొరికాక ఇంకా వెతికే ఓపిక అతనికి ఎప్పుడూ లేదు.

ఎవరమ్మా తుడిచింది అని అడిగాడు.

"నేనే బాబాయ్ గారూ. గట్టిగా పిండేసే తుడిచాను. తుడుస్తుంటే వెనకాల..."

"నువ్వు ఆగమ్మా. తడిగుడ్డ చేతిలో పెట్టుకుని నువ్వేం సాక్ష్యం చెబుతావు?"

అత్తగారు పకపకా నవ్వింది. పెద్ద కోడలు నవ్వాపుకుంటూ మొహం తిప్పుకుంది. చిన్న కోడలు ఆ గుడ్డని వెనక్కి దాచుకుంది. లోపలికి తడి దిగింది అక్కా, కొట్లో పెట్టి ఆరబెట్టాలి, రెండు రోజులు పడుతుంది అని డబ్బాని చంకనెత్తుకుని బయల్దేరాడు. దారిలో టీ కొట్టు వస్తే ఊరుకుంటాడా? డబ్బాని బల్ల మీద కూర్చోబెట్టి, ఉతికి ఆరేసిన కంప్యూటర్ని ఎవరైనా చూశారా అంటూ కథ ఎత్తుకున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు పేరు కూడా తయారైంది. తడిగుడ్డ కోడలు. నలుగురూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు.

కొట్లోకి వచ్చి డబ్బాని బల్ల మీద పెట్టాడు. స్క్రూడ్రైవర్ కుడిచేత్తో అందుకుంటూ, పాతికేళ్ల అలవాటు కదా, ఎడమచెయ్యి దానంతటదే వెనక్కి వెళ్లి స్విచ్చిని సున్నా వైపు నొక్కబోయింది. అది కదల్లేదు. అప్పటికే సున్నా వైపు ఉంది.

డబ్బాని తిప్పి చూశాడు. గీత వైపు నొక్కి, తీగ తగిలించి, ముందు బటన్ మీద వేలు పెట్టాడు. ఫ్యాను హాయిగా తిరిగింది. దుమ్ము పోయిందేమో, చప్పుడు కూడా తగ్గింది. ఆ చప్పుడు వింటుంటే అతనికి బుధవారం కరెంటు పోవడం, ఫోను రావడం, డబ్బాని గోడకు నెట్టడం అన్నీ గుర్తొచ్చాయి. తల కొట్టేసినట్టయింది. గబుక్కున స్విచ్చి ఆపేసి, పక్క దర్జీ ఏమైనా విన్నాడేమోనని తొంగి చూశాడు. దర్జీ తన మిషను తను తొక్కుకుంటున్నాడు.

అప్పుడే లేచి ఆ డబ్బాని తీసుకెళ్లి, అక్కా, తప్పు నాదే, స్విచ్చి వెయ్యడం మరిచిపోయాను అనేస్తే అయిపోయేది. రెండు వందల అడుగుల దూరం, ఒక్క వాక్యం. లేచాడు కూడా. లేచి, టీ కొట్టు దాటి వెళ్లాలి కదా అని గుర్తొచ్చి కూర్చున్నాడు. ఇంత తొందరగా బాగైందా, ఏమైందేమిటి అని అక్కడే అడుగుతారు. ఏమని చెబుతాడు? పిల్లి వకీలు కూడా అక్కడే ఉంటాడు. గురివింద గింజ తన కింద నలుపెరగదని ఆయన అనకపోయినా కళ్లతో అంటాడు. రెండు రోజులు పడుతుందని చెప్పానుగా, రెండు రోజుల తర్వాతే ఇద్దాం అనుకున్నాడు. సోమవారం పరీక్ష సంగతి అతనికి గుర్తులేక కాదు. గుర్తుంది కాబట్టే శనివారం పొద్దున్నే ఇచ్చేస్తాను కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఏ జబ్బూ లేని ఆ డబ్బా రెండు రోజులు అతని కొట్లో పేషెంటులా కూర్చుంది. అతను దాని వైపు వీపు పెట్టి పని చేసుకున్నాడు.

శనివారం తీసుకెళ్లి పెట్టి ఆన్ చేశాడు. తడి పూర్తిగా ఆరిపోయింది అక్కా అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో అతనికే ఆశ్చర్యం వేసింది. పెద్ద కోడలు సంతోషించింది. అత్తగారు మాత్రం, ఇక చిన్నదాన్ని ఈ బల్ల దగ్గరికి రానిచ్చేది లేదని తేల్చి చెప్పింది. పరీక్షకి కూడా వద్దన్నాను అంది. ఇంట్లో ఉన్న ఒక్కదాన్నే ముంచింది, ఆసుపత్రిలో వరసగా పది ఉంటాయి, అక్కడ ఏదన్నా అయితే ఎవరి పరువు పోతుంది తమ్ముడూ అని అతన్నే న్యాయం అడిగింది.

అతని నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. పాపం, పరీక్షకి పంపించండి అక్కా, చిన్నపిల్ల అని గొణిగాడు. మీరే కదా కళ్లారా చూసి చెప్పారు అంది ఆమె. అతను తీగ సర్దుతున్నట్టు వంగాడు. చిన్న కోడలు వచ్చి డబ్బాని గోడ వారకు జరపడానికి సాయం పట్టింది. జరుపుతూ జరుపుతూ ఆగి, డబ్బా వెనక్కి ఒకసారి చూసింది. తర్వాత అతని మొహంలోకి చూసింది. అతను తన సంచి వెతుక్కున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర అతని భార్య ఒక సంగతి చెప్పింది. పొద్దున్న కూరల బజార్లో ఆ ఇంటి చిన్న కోడలు కనిపించిందట. గంప పక్కన కూర్చున్న కుర్రకారు, తడిగుడ్డ కోడలు వచ్చింది, కరెంటు త్రాసు దాచుకోండి అని అరిచారట. ఆ అమ్మాయి కూరలు అక్కడే వదిలేసి వెళ్లిపోయిందట. ఎవడు పెట్టాడో ఆ పేరు, వాడి నోరు పడిపోను అని తిట్టి, భార్య అతనికి మారు వడ్డించింది. తెలిసి తిట్టిందో తెలియక తిట్టిందో అతను తేల్చుకోలేకపోయాడు. తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని ఆ మారు అన్నం కూడా తిన్నాడు.

సాయంత్రం చొక్కా మార్చుకుని వీధి చివరిదాకా వెళ్లాడు. ఏం చెప్పాలో దారంతా నెమరు వేసుకున్నాడు. గేటు మీద చెయ్యి వేశాడు. లోపల అత్తగారు ఎవరితోనో, ఆ డాక్టరు లేకపోతే మా కంప్యూటర్ ఏమైపోయేదో అని చెబుతోంది. ఆ మాట విన్నాక గేటు తియ్యడానికి చెయ్యి రాలేదు. రేపు పొద్దున్నే వస్తాను, పరీక్ష పదింటికి కదా, ఎనిమిదింటికల్లా వచ్చేస్తాను అని గేటుకే చెప్పినట్టు చెప్పుకుని వెనక్కి తిరిగాడు.

సోమవారం ఏడున్నరకే కొట్టు తెరిచాడు. తెరవగానే ఒకాయన ఆన్ కాని కంప్యూటర్ మోసుకొచ్చాడు. గోడ, తీగ, వెనక, ముందు అన్నీ చూశాడు, వెనక రెండుసార్లు చూశాడు. నిజంగానే లోపల పవర్ సప్లై కాలిపోయింది. మార్చి, ఫ్యాను చప్పుడు విని పంపించాడు. ఆ పని మీదే ఆలస్యమైందని తర్వాత భార్యకు చెప్పాడు గానీ అది అబద్ధం. ఆ పని తొమ్మిదిలోపే అయిపోయింది. ఆ తర్వాత గంటసేపు పెద్ద స్క్రూలు ఒకవైపు, చిన్న స్క్రూలు ఒకవైపు ఏరుకుంటూ కూర్చున్నాడు. గోడ గడియారం వైపు చూస్తూనే ఏరాడు. పది దాటాక అతనికి కాళ్లలోకి బలం వచ్చింది. అది ఎలాంటి బలమో అతనికి తెలుసు, తెలిసే లేచాడు.

ఈసారి గేటు దగ్గర ఆగలేదు. ముందుగదిలో ముగ్గురూ ఉన్నారు. కూర్చోమన్నా కూర్చోకుండా, నిలబడే చెప్పేశాడు. బుధవారం స్విచ్చి ఆపింది నేనే, మళ్లీ వెయ్యడం మరిచింది నేనే, తడీ లేదు గిడీ లేదు, ఆ సంగతి గురువారమే తెలిసింది, తెలిసీ దాచాను, టీ కొట్లో ఆ పేరు పెట్టిందీ నేనే. చెబుతున్నంతసేపూ నేల మీద గచ్చు పగులు వైపే చూశాడు. అయిపోయాక, ఇక తిట్లు మొదలవుతాయని భుజాలు ముడుచుకున్నాడు. ఆ తిట్ల కోసమే వచ్చాడేమో కూడా.

అత్తగారు నవ్వేసింది.

"ఇంతేనా తమ్ముడూ? ఏమిటో అనుకుని హడలిపోయాను. మనిషన్నాక మరుపు రాదా? ఇంత చిన్నదానికి మీరు అంత బాధపడితే ఎలా? కూర్చోండి." అని, చిన్న కోడలి వైపు తిరిగి, "డాక్టరుగారికి టీ పట్రా," అంది.

అతనికి చెంప మీద కొట్టినా అంత సిగ్గు వేసేది కాదు. చెయ్యని తప్పుకి ఆ పిల్లకి దొరకని క్షమ, చేసిన తప్పుకి తనకు అడగకుండానే దొరికింది. పెద్ద కోడలు అతని వైపు చూడలేక లేచి పక్క గదిలోకి వెళ్లిపోయింది. అత్తగారు మాత్రం ఇంకా ఓదారుస్తూనే ఉంది, అంత పెద్ద డాక్టరు ఇంటికి వచ్చి మరీ ఒప్పుకోవడం ఎంత మంచితనమని మెచ్చుకుంటూనే ఉంది. ఆ మాట నాతో కాదక్కా, ఆ అమ్మాయితో అనండి అని ఎలాగో అన్నాడు. దానిదేముందిలే, పరీక్షలు మళ్లీ వస్తాయి అని ఆమె ఎవరో పిలిస్తే వీధిలోకి వెళ్లింది.

చిన్న కోడలు టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుని ఉంది. బయటికి వెళ్లేటప్పుడు కట్టుకునే చీర. చేతి గడియారం కూడా పెట్టుకుని ఉంది. అప్పుడు చూశాడతను.

"నన్ను క్షమించమ్మా. నీకు చాలా అన్యాయం చేశాను."

"స్విచ్చి సంగతి నాకు తెలుసు బాబాయ్ గారూ," అంది ఆమె, గొంతు పెంచకుండానే. "తుడిచేటప్పుడు చూశాను, సున్నా వైపు ఉంది. అదేమిటో తెలియక ముట్టుకోలేదు. శనివారం మీరు తెచ్చి పెట్టాక చూస్తే గీత వైపు ఉంది. అప్పుడు అర్థమైంది."

"మరి మీ అత్తగారితో అనకపోయావా తల్లీ?"

"నా మాట ఎవరు నమ్ముతారు? మీరు చెబితే నమ్ముతారు. మీకు తెలిసింది కదా, ఇక చెప్పకుండా ఉండరు అనుకున్నాను. నిన్న సాయంత్రం గేటు దగ్గర మిమ్మల్ని చూశాను కూడా. పొద్దున్న వస్తారని ఏడింటికే తయారయ్యాను. తొమ్మిదిన్నర దాకా గుమ్మంలోనే కూర్చున్నాను."

టీ తాగకుండా లేచి వెళ్లడానికి మొహం చెల్లక, అతను గ్లాసు అందుకుని మళ్లీ బల్ల మీదే పెట్టేశాడు. ఆమె చేతి గడియారం విప్పి అలమరలో పెట్టి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.